ఎండాకాలం ఉత్తరాలు: చలివేంద్రం పెట్టాం, ఇంకేం చేయాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎండల మీదే. అందులోనూ విజయవాడ వాళ్లవే ఎక్కువ, ఆశ్చర్యమేముంది. పీఎఫ్ ప్రశ్నలూ పెళ్లి సంబంధాల గొడవలూ వచ్చే సంచికకు వాయిదా వేసి పేజీ మొత్తం వీళ్లకే ఇచ్చేశాం.

ప్రశ్న: మాది వన్‌టౌన్‌లో కొండ ప్రాంతం. మా కుర్రాళ్లందరం కలిసి ఏటా శ్రీరామనవమికి మెట్ల మొదట్లో చలివేంద్రం పెడతాం. పోయిన వేసవిలో పైన రేకుల గదిలో ఒంటరిగా ఉండే ఒక మామ్మగారు రాత్రిపూట స్పృహ తప్పి పడిపోతే తెల్లారేదాకా ఎవరికీ తెలియలేదు. ఆవిడ బతికారు గానీ మాకు అది మనసులో ఉండిపోయింది. ఈసారి చందాలు కాస్త ఎక్కువే వచ్చాయి. ఇంకో చలివేంద్రం పెట్టమంటారా, వేరే ఏమన్నా చేయమంటారా?

జవాబు: ఇంకో చలివేంద్రం వద్దండి. ఉన్నదాన్ని సరిగ్గా నడపండి, మిగతా డబ్బు మెట్లెక్కించండి. చలివేంద్రం రోడ్డు మీద నడిచేవాళ్లకు. మామ్మగారు రోడ్డు మీదికి రాలేదు కదా, ఎండలో తిరగనే లేదు, ఇంట్లోనే పడిపోయారు, అదీ రాత్రి. వడదెబ్బ అనగానే మనకు మిట్టమధ్యాహ్నం, నడిరోడ్డు గుర్తొస్తాయి. బయట పని చేసుకునేవాళ్ల విషయంలో అది నిజమే. ముసలివాళ్లు, మంచాన ఉన్నవాళ్లు మాత్రం ఎక్కువగా దెబ్బతినేది ఇంట్లోనే, అందులోనూ కప్పు కిందున్న పై గదుల్లో. రేకు సాయంత్రానికి త్వరగానే చల్లారుతుంది. గోడలు, స్లాబులు, మీ వెనకున్న కొండ రాయి చల్లారవు, పగలు తాగిన వేడిని అర్ధరాత్రి దాకా వదులుతూనే ఉంటాయి. ఇరుకు సందుల్లోకి గాలి రాదు. పగలు ఎంత కాగినా రాత్రి కాస్త చల్లబడితే ఒళ్లు తేరుకుంటుంది, వరసగా నాలుగు రాత్రులు అది దొరక్కపోతే గుండె, కిడ్నీలు అలిసిపోతాయి. అందుకే ఎండ మొదలైన రోజు కాకుండా మూడో రోజో నాలుగో రోజో మనుషులు పడిపోతుంటారు.

2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో ఎండలకు సుమారు 15 వేల మంది చనిపోయారు. ఎక్కువమంది ముసలివాళ్లు, చాలామంది ఒంటరిగా ఉండేవాళ్లు, కప్పు కిందనే ఉన్న పై అంతస్తులో పడుకునేవాళ్లకు ప్రమాదం ఎక్కువని తర్వాత లెక్క తీస్తే తేలింది. అక్కడ ఆగస్టు అంటే సెలవుల నెల, పక్కింటివాళ్లు ఊళ్లో ఉండరు. ఆ దెబ్బతో అక్కడి మునిసిపాలిటీలు ఒంటరి వృద్ధుల పేర్లు రాసిపెట్టుకుని, ఎండలు ముదిరినప్పుడు ఫోన్ చేసి పలకరించే ఏర్పాటు పెట్టుకున్నాయి. మీకు మునిసిపాలిటీ దాకా అక్కర్లేదు, ఒక నోటు పుస్తకం చాలు.

మీ మెట్ల వరసలో ఏ ఇంట్లో ఎవరుంటారో రాయండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు, గర్భిణులు, బాలింతలు, ఏడాదిలోపు పిల్లలు, పక్షవాతం వచ్చి మంచాన ఉన్నవాళ్లు, డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు, మానసిక వైద్యానికి మందులు వాడేవాళ్లు, రోజూ తాగేవాళ్లు కూడా (మొహమాటపడి వదిలేయకండి, ఎండకు ముందు పడేవాళ్లలో వీళ్లుంటారు). పేరు పక్కన కొడుకుదో కూతురిదో ఫోన్ నంబరు, రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో రాయండి. ముఖ్యంగా ప్రతి పేరుకు ఎదురుగా ఇంకో మనిషి పేరు ఉండాలి. 'కమిటీ చూసుకుంటుంది' అంటే ఎవరూ చూడరని మనకు తెలియనిదా. ఎదురింటి కోడలో, ఇంటర్ చదివే కుర్రాడో, ఒక్కరి పూచీ. ఆ మనిషి మధ్యాహ్నం నాలుగింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి తలుపు కొట్టాలి. 'తిన్నారా మామ్మగారూ' అని బయటినుంచే కేకేసి వెళ్లిపోవడం కాదు, ఆవిడ లేచొచ్చి తలుపు తీసి రెండు మాటలు మాట్లాడాలి. మాట తడబడినా, పొంతన లేకుండా చెప్పినా, పొద్దుటినుంచి ఒంటికి వెళ్లలేదన్నా వయసు వల్లేలే అనుకోకండి. ఈ జాబితా వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టొద్దు. ఫలానా గదిలో పెద్దావిడ ఒక్కరే ఉంటారు, తాళంచెవి ఫలానావాళ్ల దగ్గరుంటుంది అని ఊరంతా చదవాల్సిన పనిలేదు. ఆయా ఇళ్లవాళ్లు సరేనంటే వార్డు సచివాలయంలో ఏఎన్‌ఎంకి, మీ ఆశా కార్యకర్తకి తలా ఒక కాపీ ఇవ్వండి, వాళ్లకు సగం పేర్లు ముందే తెలిసి ఉంటాయి.

ఇక డబ్బు. మీరు ఒప్పుకుంటారో లేదో గానీ మొదటి ఖర్చు కిటికీల మీద పెట్టమంటాను. చీకటి పడేసరికి మీ కొండ మీద ఎన్ని కిటికీలు మూసుకుపోతాయో ఒకసారి చూడండి. దోమలు ఒక కారణం, దొంగల భయం ఇంకో కారణం. వేసవిలో కాలవలు కట్టేశాక అడుగున నిలిచిన మురుగులో దోమలు ఎలా లేస్తాయో బెజవాడ వాళ్లకు నేను చెప్పాలా. పెద్దవాళ్లు ఒంటరిగా పడుకునే గదులకు గట్టి ఊచలు, దోమల మెష్ వేయించండి. తలుపుకి ఇనప జాలీ తలుపు ఒకటి పెట్టిస్తే గడియ వేసుకుని కూడా గాలి పీల్చుకోవచ్చు. ఫ్లెక్సీ మీద ఫొటోకి పనికిరాని ఖర్చు, నిజమే. రెండో ఖర్చు కప్పులు, దాని గురించి కింద ఇంకో ఉత్తరంలో రాశాను. గోడకు తగిలించే చవక థర్మామీటర్లు కూడా రెండు కొనండి. ఒకటి కింద స్లాబు ఇంట్లో, ఒకటి పైన రేకుల గదిలో తగిలించి మధ్యాహ్నమూ రాత్రీ చూడండి. ఎవరి గదికి ముందు సున్నం వేయాలన్న తగువు ఆ అంకెలే తీరుస్తాయి.

కింద ఒక చల్లటి చోటు కూడా చూసిపెట్టుకోండి. చర్చి హాలో, మసీదు వరండానో, గుడి మండపమో, వేసవి సెలవుల్లో ఖాళీగా ఉండే మునిసిపల్ స్కూలు కింది గదులో. తాళం ఎవరి దగ్గరుంటుంది, రాత్రి తెరుస్తారా, ఫ్యాన్లు తిరుగుతాయా, ఆడవాళ్లకు బాత్రూం ఉందా అని ఏప్రిల్‌లోనే అడగాలి. మే నెల మధ్యలో కరెంటు పోయిన రాత్రి అడిగితే తాళంచెవి ఉన్నాయన ఊళ్లో ఉండడు. మెట్లు దిగలేని వాళ్లను ఎవరు మోసుకొస్తారో, కుర్చీలోనా మంచం మీదా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి.

చలివేంద్రం గురించి ఒక్క మాట. చాలాచోట్ల పొద్దున పదింటికి మొదలుపెట్టి ఒంటిగంటకల్లా కుండలు బోర్లించేస్తారు. మనుషులకు దాహం రెండు నుంచి అయిదు దాకా. గంటె వేరే, తాగే గ్లాసు వేరే ఉంచండి, చేతులు కుండలో పెట్టనివ్వకండి, ఐసు గడ్డ ఎక్కడిదో తెలియకపోతే మజ్జిగలో వేయకండి.

ప్రశ్న: కృష్ణలంకలో రేకుల ఇంట్లో అద్దెకుంటాం. మధ్యాహ్నం లోపల కూర్చోలేం. ఓనరుగారు ఏమీ చేయించరు. కింద థర్మాకోల్ కొట్టిస్తే తగ్గుతుందని ఎవరో అన్నారు. నిజమేనా?

జవాబు: కొంత తగ్గుతుంది గానీ వద్దు. వంటగది, స్విచ్‌బోర్డు ఉన్న ఇంట్లో తల మీద థర్మాకోల్ అంటే నిప్పంటుకున్నప్పుడు కరిగి మీదే కారుతుంది, ఆ పొగ కూడా చెడ్డది. వేడిని లోపలికి వచ్చాక ఆపడం కంటే పైనే తిప్పికొట్టడం తేలిక. రేకుల మీద తెల్లగా వేయించండి. సున్నంలో తెల్ల సిమెంటు, ఫెవికాల్ లాంటి జిగురు కలిపి రెండు కోటింగులు వేస్తే ఒక వేసవి గట్టెక్కుతుంది, వానలకు పోతుంది, మళ్లీ వేసుకోవాలి. కూల్ రూఫ్ పెయింట్ అని అడిగితే దొరికేది ఖరీదెక్కువ, కొన్నేళ్లుంటుంది. తెల్ల కప్పు కింద గది 2 నుంచి 5 డిగ్రీల దాకా చల్లగా ఉంటుందని అంచనా. అహ్మదాబాద్‌లో పేదల బస్తీల్లో కప్పులకు ఇలాగే సున్నం వేశారు, తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ప్రత్యేకంగా కూల్ రూఫ్ పాలసీయే తెచ్చింది.

వేసేటప్పుడు జాగ్రత్తలు మాత్రం చదవండి, ఎందుకంటే ఈ పనిలో ఎండకంటే ముందు మనుషుల్ని పడేసేది రేకే. సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెట్టకూడదు, పాతదైతే పుటుక్కున విరుగుతుంది. కింద దూలాలు ఎక్కడున్నాయో చూసుకుని, వాటి మీద పడేట్టు పొడుగు చెక్కలు పరిచి, ఆ చెక్కల మీదే నడవాలి. ఆస్‌బెస్టాస్ రేకు అయితే పొడిగా ఉన్నప్పుడు ఇనప బ్రష్‌తో రుద్దకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని. నీళ్లు చల్లి మెత్తటి చీపురుతో కడగండి. సున్నం కళ్లలో పడితే కాలిపోతుంది, అద్దాలు పెట్టుకోమనండి. పొద్దున్నే మొదలుపెట్టి తొమ్మిదికల్లా దిగిపోవాలి.

ఓనరుగారి సంగతంటారా, పెయింట్ ఖర్చు మీరు పెట్టుకుని ఒక నెల అద్దెలో కొంత తగ్గించుకునేట్టు అడిగి చూడండి. తన రేకుల ఆయుష్షు పెరుగుతుందంటే వినే అవకాశం ఎక్కువ. అదీ కుదరకపోతే పడమటి గోడకు బయట జానెడు దూరంలో కొబ్బరి మట్టల తడికో, గ్రీన్ నెట్టో కట్టండి. మధ్యాహ్నం ఎండ గోడను తాకకపోతే రాత్రి మీ మంచం పక్క గోడ సెగలు కక్కదు. తడిక పొయ్యికి, కరెంటు తీగలకు దూరంగా ఉండాలి.

ప్రశ్న: రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మా తాతల కాలం నుంచీ ఉంది. బెజవాడను బ్లేజ్‌వాడ అనడమూ పాతదే. ఇప్పుడే కొత్తగా ఈ అలర్టులు, ఈ గోల ఎందుకు? (సత్యనారాయణపురం నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి)

జవాబు: ఎండ పాతదే సార్, ఇళ్లు కొత్తవి. మీ తాతగారు మండువా ఇంట్లోనో, వాకిట్లో వేపచెట్టు కింద నులకమంచం మీదో పడుకున్నారు. ఇప్పుడు ఆ వాకిలి స్థానంలో నాలుగంతస్తులు, చెట్టు స్థానంలో ట్రాన్స్‌ఫార్మర్. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వడదెబ్బకు రెండు వేల మందికి పైగా పోయారు, ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి దాటారు. ఆ ఏడు మేలో పడమటి గాడ్పులు తగ్గలేదు, సాయంత్రానికి రావాల్సిన సముద్రపు గాలి ఆలస్యమైంది. అలర్టులు గోల కాదు. 2010 మేలో అహ్మదాబాద్‌లో మామూలు కంటే 1,300 మందికి పైగా అదనంగా చనిపోయాక ఆ ఊరు 2013లో ఎండల ప్రణాళిక రాసుకుంది, అందులోని ముఖ్యమైన అంశాల్లో ముందస్తు హెచ్చరిక ఒకటి.

ఇంకోటి, టీవీలో విజయవాడ 43 అని చెప్తే అది గన్నవరం దగ్గర, గాలాడే చోట, నీడలో పెట్టిన థర్మామీటరు లెక్క. బీసెంట్ రోడ్డు మధ్యలో నిలబడ్డ మనిషికి తగిలేది అంతకంటే ఎక్కువ, పైగా మన దగ్గర ఉక్కపోత తోడు. మైదాన ప్రాంతాల్లో 40 డిగ్రీలు దాటి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే వాతావరణ శాఖ వడగాలి అంటుంది. తీరప్రాంతాల్లో 40 దాకా ఆగకుండా 37 నుంచే లెక్కలోకి తీసుకుంటారు, కారణం ఆ ఉక్కే.

ప్రశ్న: మా అత్తగారికి 72 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. నీళ్లు తాగమంటే రాత్రి లేవలేనంటారు. ఇన్సులిన్ పెట్టడానికి ఫ్రిజ్ కూడా లేదు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆవిడ మందుల చీటీ పట్టుకుని ఏప్రిల్ లోపే డాక్టరుగారికి చూపించండి. బీపీ మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువ పోయేట్టు చేస్తాయి, ఎండల్లో వాటివల్ల ఒంట్లో నీరు, సోడియం పడిపోయి కళ్లు తిరుగుతాయి. మోతాదు మార్చాలో వద్దో ఆయన చెప్పాలి, మీరు సొంతంగా మానిపించకండి. గుండె, కిడ్నీ జబ్బు ఉంటే రోజుకు ఎన్ని నీళ్లో కూడా అడిగి రాసుకోండి, అందరికీ 'బాగా తాగండి' సరిపోదు. పెద్ద వయసులో దాహం తెలియదు, కాబట్టి అడిగినప్పుడు ఇద్దామనుకుంటే కుదరదు, గంటకో అరగ్లాసు పట్టుకెళ్లి ఇవ్వాలి. సాయంత్రం ఆరు లోపలే ఎక్కువ భాగం తాగించేస్తే రాత్రి లేచే బాధ తగ్గుతుంది. ఆవిడ అసలు భయం చీకట్లో బాత్రూంకి వెళ్లి జారిపడతాననేమో, దారిలో చిన్న లైటు వేసి చూడండి.

ఇన్సులిన్‌ని కొత్త మట్టికుండలో ఇసక పోసి తడిపి, మధ్యలో చిన్న గిన్నె పెట్టి, మందు ప్లాస్టిక్ కవరులో చుట్టి ఆ గిన్నెలో ఉంచండి. మీద తడిగుడ్డ కప్పి గాలి తగిలే నీడలో పెట్టండి. వాడుతున్న సీసా ఒకటే ఇంట్లో ఉంచుకుని మిగతావి పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టమని అడగండి, డీప్ ఫ్రీజర్‌లో మాత్రం వద్దు, గడ్డకడితే పనికిరాదు.

ప్రశ్న: కూలర్ కొన్నాం. పెట్టిన గంటకే ఇంకా ఉక్క. మోసపోయామా?

జవాబు: మోసం లేదు, కిటికీలు మూసి ఉంటారు. కూలర్ గాలిలోకి తేమ వదులుతుంది, ఆ తేమ బయటికి పోయే దారి లేకపోతే గది ఆవిరి గది అవుతుంది. కూలర్ వెనకభాగం కిటికీలో బయటికి ఉండాలి, ఎదురు కిటికీ తెరిచి ఉండాలి. గాలి పొడిగా ఉన్న మధ్యాహ్నాల్లో బాగా పనిచేస్తుంది, ఉక్క రోజుల్లో నీళ్లు ఆపేసి ఒట్టి ఫ్యాన్ వేసుకోండి. ఆ ఫ్యాన్‌కి కూడా హద్దుంది: గది 40 డిగ్రీలు దాటితే అది వేడిగాలినే ఒంటికి కొడుతుంది. అప్పుడు ఒళ్లు తడుపుకుని, తడి తువ్వాలు భుజాన వేసుకుని ఫ్యాన్ కింద కూర్చోవాలి.

ప్రశ్న: వడదెబ్బ తగిలిన మనిషికి మొదట ఏం చేయాలి? జేబులో ఉల్లిపాయ, అరికాళ్లకు ఉల్లిరసం అంటారు. (ఆటోనగర్)

జవాబు: ఉల్లిపాయ పెరుగన్నంలో నంజుకోండి, జేబులో దండగ. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, మూర్ఛ వచ్చినా, ఒళ్లు కాలిపోతూ పిలిస్తే పలక్కపోయినా 108కి ఫోన్ చేయండి, చేసి చేతులు కట్టుకుని నిలబడకండి. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనుకోవద్దు, పని చేస్తూ పడిపోయినవాళ్లకు చెమట పడుతూనే ఉండొచ్చు. నీడలోకి లాగి, బట్టలు వదులు చేసి, దొరికిన నీళ్లన్నీ ఒంటి మీద పోసి గట్టిగా విసరండి. ఐసు ఉంటే గుడ్డలో చుట్టి మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. అంబులెన్సు వచ్చేలోపు ఎంత చల్లబరిస్తే అంత మేలు, ఆస్పత్రికి వెళ్లాక చూసుకుందామంటే ఆలోపే మెదడు దెబ్బతినొచ్చు. స్పృహలో లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్ దీనికి పనిచేయదు, ఇది జ్వరం కాదు. స్పృహలో ఉండి ఒట్టి నీరసం, తలనొప్పి అయితే ఓఆర్ఎస్ ఇవ్వండి, ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసుకోండి. లేకపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీస్పూను తలకొట్టి.

మీ షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాళ్ల మీద ఒక కన్నేయండి. వేడికి ఒళ్లు అలవాటు పడడానికి వారం పది రోజులు పడుతుంది, మొదటి రోజే పూర్తి పని చేయిస్తే పడేది వాళ్లే.

ప్రశ్న: కాళేశ్వరరావు మార్కెట్ బయట కూరలమ్ముతాను. నీళ్లు తాగండి తాగండి అంటారు. తాగితే ఎక్కడికి వెళ్లాలండీ?

జవాబు: ఈ నెల వచ్చిన వాటిలో అన్నిటికంటే మంచి ప్రశ్న ఇది, అందుకే పై కుర్రాళ్లకు బాత్రూం సంగతి రాశాను. పక్క షాపుల్లో ఏ ఓనరు బాత్రూం వాడుకోనిస్తాడో మీరు నలుగురైదుగురు కలిసి వెళ్లి అడగండి, శుభ్రం చేసే ఖర్చు పంచుకుంటామనండి. ఒక్కరు అడిగితే కాదంటారు, అయిదుగురు అడిగితే ఇబ్బందిపడి ఒప్పుకుంటారు. మునిసిపల్ టాయిలెట్ ఉండి తాళం వేసి ఉంటే వార్డు సచివాలయంలో కాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి.

ప్రశ్న: మాది భవానీపురంలో అపార్ట్‌మెంట్. రాత్రి పదకొండింటికి ట్రాన్స్‌ఫార్మర్ కొట్టేస్తోంది. పైగా మా ఏసీ ఔట్‌డోర్ యూనిట్ల గాలి తమ ఇంట్లోకి వస్తోందని పక్కనున్న రేకుల ఇంటివాళ్లు గొడవ. వాళ్లది అతి కాదా?

జవాబు: కాదు. మీ గదిలోంచి తీసిన వేడి, దానికి తోడు మిషన్ వాడిన కరెంటు వేడి, రెండూ కలిసి ఆ సందులోకే వస్తాయి. వాళ్ల కిటికీ అడుగు దూరంలో ఉంటే రాత్రంతా వాళ్లు దాన్ని పీల్చుకోవాల్సిందే. ట్రాన్స్‌ఫార్మర్ కోసం 1912కి ఫోన్ చేయండి, కొట్టేసిన ప్రతిసారీ ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకుంటే లోడ్ పెంచమని అడిగేటప్పుడు పనికొస్తుంది. ఏసీలు 26 దగ్గర పెట్టి ఫ్యాన్ వేసుకుంటే లోడూ తగ్గుతుంది, బిల్లూ తగ్గుతుంది. ముందు మాత్రం ఆ సందులోకి ఊదే యూనిట్లను టెర్రస్ మీదికి మార్పించండి, పైపు ఖర్చు అసోసియేషన్ పెట్టుకోవచ్చు.